జపాను కత్తి మీద నా తీర్పు

జపాను గురించి నాకు తెలిసింది మూడు ముక్కలు. అక్కడ భూకంపాలొస్తాయి, వాళ్లు చేపలు పచ్చివే తింటారు, వాళ్ల గడియారాలు టైము తప్పవు. ఈపాటి పాండిత్యంతో 2006 వేసవిలో నేనొక జపాను కత్తి అసలుదో నకిలీదో తేల్చాల్సిన నిపుణుణ్ణయ్యాను. నా తప్పు లేదని చెప్పను. ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో నేనొక వ్యాసం రాశాను. మొదటి తప్పు అది.

అప్పట్లో తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఎంపీసీ గదుల్లో పిల్లలు కిటికీల దాకా కూర్చునేవారు. నా క్లాసులో పదకొండుమంది. అందులో ఇద్దరు గది తప్పి వచ్చి, ఫ్యాను బాగుందని ఉండిపోయినవాళ్లు. తీరిక ఎక్కువైన మనిషి ఏదో ఒకటి రాస్తాడు. మా ఊరి పక్కన యుద్ధకాలంలో వేసిన విమానాల రన్‌వే ఉంది. దాని మీద మావాళ్లు ధాన్యం ఆరబోస్తారు, కార్లు నేర్చుకుంటారు. దాని గురించి ఒక అరపేజీ రాశాను. అందులో బర్మా అనే మాట మూడుసార్లు, జపాను అనే మాట నాలుగుసార్లు వచ్చింది. నా నైపుణ్యానికి పునాది ఆ ఏడు మాటలే.

పది రోజులు తిరక్కుండా ఒక పెద్దాయన ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని కాలేజీకి వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో గొడుగు. మోకాళ్ల కింద పంచె మీద మాత్రం బురద మరకలు.

"వందనాలండీ. ఈ వ్యాసం రాసింది తమరేనాండీ?"

"నేనేనండీ. ఏమైనా తప్పులున్నాయా?"

"రెండున్నాయండీ. అవి తర్వాత చెప్తాను," అన్నారు. ఆయన రిటైరైన ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. కొల్లేట్లో ఒక లంక గ్రామం. "మా ఇంట్లో జపాను కత్తుందండీ. మా నాన్నగారు బర్మా యుద్ధం నుంచి తెచ్చారు. అమ్ముదామని. తమరొకసారి చూసి, అసలుదేనని రాసిస్తే..."

నాకు కత్తుల గురించి తెలియదని చెప్పాను. ఆయన నమ్మలేదు. పేపర్లో పడ్డ మనిషికి తెలియకపోవడమేమిటి! అమ్మాల్సిన అవసరం ఏమొచ్చిందని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. అడిగాక ఇక వెళ్లక తప్పదు.

వాళ్లావిడకి గుండెలో కవాటం చెడిపోయింది. వానలు పడేలోగా ఆపరేషన్ చేయిస్తే బతుకుతుందని విజయవాడ డాక్టరు చెప్పాడు. సొసైటీ చేపల చెరువులో వీళ్లకి వాటా ఉంది. కౌలు రాగానే చేయిద్దామనుకున్నారు. ఆ వేసవిలోనే ఐదో కాంటూరు దాకా, అంటే సరస్సు హద్దని మ్యాపులో గీసిన గీత దాకా, కొల్లేట్లో చెరువులన్నిటి గట్లూ ప్రభుత్వం తెగ్గొట్టించింది. పొక్లెయిన్లు వచ్చి వీళ్ల గట్టు కూడా ఒక పూటలో తవ్వేశాయి. సరస్సుకి మంచిదేనని పేపర్లు రాశాయి. నిజమే కావచ్చు. సరస్సుకి గుండె జబ్బు లేదు.

"పిల్లలెవరైనా..."

"బడిపిల్లలేనండీ. సొంతానికి లేరు."

"పొలం?"

"లేదండీ. కత్తుంది."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నారంటే, ప్రతి ఇంట్లోనూ చివరికి ఒక జపాను కత్తి మిగులుతుందేమో అనిపించింది.

ఆ శనివారం గుండుగొలను దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆ తర్వాత గట్టు మీద నడక. ఆటో ఆగిన చోట ఇద్దరు పోలీసులు చెట్టు నీడన కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఎక్కడికన్నారు. చుట్టాలింటికన్నాను. కత్తి చూడ్డానికి అని చెప్పేంత నిజాయితీ నాకు ఎండలో రాదు. గట్టుకి రెండు వైపులా తెగ్గొట్టిన చెరువులు బీటలు తీసి ఉన్నాయి. అక్కడక్కడా మిగిలిన నీళ్ల గుంటల్లో పిల్లచేపలు వెల్లకిలా తేలుతున్నాయి. వాసన చెప్పక్కర్లేదు. కొంగలు కూడా తినలేక పక్కకి తిరిగి నిలబడ్డాయి.

ఇల్లు చిన్న డాబా. వసారాలో ఒక స్టూలు మీద, వీపుకి రెండు దిళ్లు పెట్టుకుని ఆవిడ కూర్చునుంది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగేది. ఆగినా మాట వదిలేది కాదు. నేను పిన్నిగారూ అని పిలిచాను. "హమ్మయ్య, చుట్టరికం కుదిరింది, ఇక కత్తి అసలుదే అంటారు," అంది.

లోపల అలమారు పక్కన గోడకి చెక్క కొట్టి, దాని మీద ఇత్తడి బిందెలు, గుండిగలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో బిందెలో నా మొహం ఒక్కోలా కనిపించింది. ఏ ఒక్కదానిలోనూ బాగాలేదు. ఆ మనిషికి లేచి పది అడుగులు వేసే శక్తి లేదు. బిందెలు మాత్రం పెళ్లికి సిద్ధంగా ఉన్నట్టున్నాయి.

మాస్టారు అలమారు మీదనుంచి ఒక మిలిటరీ కంబళి మూట దించారు. ఆయన తండ్రి బర్మాలో స్ట్రెచర్లు మోశారట. దెబ్బతిన్నవాళ్లని ఎత్తుకొచ్చే పని. జపానువాళ్లు లొంగిపోయి ఆయుధాలు అప్పగించినప్పుడు, ఒక తెల్ల డాక్టరు కుప్పలోంచి ఈ కత్తి తీసి, నువ్వు మోసినవాళ్లకి బదులు ఇది మోసుకెళ్లు అన్నాడట. ఆయన మోసుకొచ్చారు. కాగితాలు మటుకు ఏవో వరదల్లో పోయాయి. మిగిలిన రుజువు ఇదొక్కటే.

"మా మామగారు అబద్ధం ఆడే మనిషి కాదండీ," అంది ఆవిడ. "ఆడ్డం ఆయనకి రాదు. చేపల కూర బాగా లేకపోతే బాగా లేదనేవారు, వండిన మనిషిని పక్కనే నించోబెట్టి. పెళ్లిచూపులకొచ్చి అందరూ అమ్మాయికి పాటొచ్చా అని అడుగుతారు కదా. ఆయన నన్ను, అమ్మా కత్తి ఎత్తగలవా అన్నారు."

"ఎత్తారా?"

"ఎత్తానండీ. మీ మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. ఇప్పటికీ ముందుకి రాలేదు."

"ఊరుకోవే, ఊపిరి చూసుకో," అన్నారు మాస్టారు, సంతోషంగా.

ఆ కత్తి ఆ ఊళ్లో చేసిన ఉద్యోగం గురించి కూడా చెప్పారు. నలభై ఏళ్లుగా ప్రతి క్రిస్మస్ నాటకంలో పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు సైనికుడి చేతిలో ఉండేది ఇదే. హేరోదు భటుడి దగ్గర జపాను కత్తి ఏమిటని ఆ ఊరి చర్చి సంఘంలో ఎవరూ అడగలేదు. చరిత్ర లెక్చరర్‌ని కాబట్టి నాకు అడగాలనిపించింది. పదకొండుమందికి మించి నా మాట విన్న సందర్భం లేదు కనక మానుకున్నాను.

ఒరలోంచి తీశారు. కొంచెం వంపు తిరిగిన సన్నటి కత్తి. అక్కడక్కడా తుప్పు మచ్చలు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి వంచితే, అంచు పొడుగునా తెల్లగా ఏదో ఉంది. గీత అనలేను. మాఘమాసంలో పొద్దున్నే కొల్లేటి నీళ్ల మీద మంచు పట్టి ఉంటుంది చూడండి, అలా ఉంది, ఇక్కడ మొదలైంది ఇక్కడ ఆగింది అని చెప్పలేకుండా. అదేమిటో నాకప్పుడు తెలియదు. అందంగా ఉందని మాత్రం అన్నాను. నిపుణుడి నోట అది మొదటి మాట కావడంతో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పిడికి ఒక వెదురు మేకు ఉంది. చేసినవాడి పేరు ఉంటే పిడి లోపల ఉంటుందని ఎక్కడో చదివిన గుర్తు. నాలుగు చుక్కలు కిరసనాయిలు వేసి, గొడుగు ఊచతో ఆ మేకుని అవతలికి తోశాం. పిడి ఊడొచ్చింది. లోపల ఉన్న కాడ, అంటే పిడిలోకి దిగే ఇనుప భాగం, నల్లగా, ముదురుపాకం రంగులో, చేత్తో తడిమితే మెత్తగా ఉంది. అది తుప్పు. ఎన్నో ఏళ్లుగా చీకట్లో కూర్చున్న తుప్పు. దాని కింద ఉలితో చెక్కిన గీతలు అక్షరాల్లా ఉన్నాయి. సగం పూడిపోయాయి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను. కాగితం మీద నల్ల మేఘం తప్ప ఏమీ పడలేదు.

"ఈ అక్షరాలు కాస్త కనబడితే బాగుండునండీ," అన్నాను.

ఆవిడ స్టూలు మీదనుంచి ముందుకి వంగింది. "చింతపండు పెట్టి తోమితే కనబడతాయేమోనండీ?"

నేను గోడ మీద బిందెల వైపు చూశాను. నాకు అన్నిటికంటే సులువుగా వచ్చే పని చేశాను.

"మీరు తోమితే అక్షరాలేంటండీ పిన్నిగారూ, చెక్కినాయన వేలిముద్రలు కూడా కనబడతాయి."

ముగ్గురం నవ్వాం. ఆవిడ నవ్వు దగ్గులోకి తిరిగి, ఆ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. మాస్టారు వీపు రాస్తూ కూర్చున్నారు. భోజనానికి ముందు ప్రార్థనలో నా పేరు కూడా చేర్చారు. శీలావతి చేప పులుసు చాలా బాగుంది. వాళ్ల మామగారున్నా అదే అనేవారు.

మర్నాడు ఏలూరు వెళ్లి, పవర్‌పేటలో ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాను. అటువైపు కుర్రాళ్లు రిజల్ట్స్ చూసుకుంటున్నారు. నేను కత్తుల బొమ్మలు చూస్తుంటే సెంటరాయన రెండుసార్లు నా వెనకనుంచి నడిచాడు. మూడోసారి, "సార్, అంతా ఓకేనా?" అన్నాడు. ఇంట్లో అంతా బానే ఉందని చెప్పాను.

మూడు ఆదివారాలు కూర్చున్నాక నాకు అర్థమైంది ఇది. అసలు కత్తికి అంచు పొడుగునా మంచులాంటి తెల్లదనం మంటలోనూ నీళ్లలోనూ పుడుతుంది. దొంగ కత్తులకి దాన్ని యాసిడ్‌తో గీస్తారు. అప్పుడది రంగు పెన్సిల్‌తో గీసినట్టు చక్కగా, ఒకే తీరుగా ఉంటుంది. యుద్ధంలో ఫ్యాక్టరీల్లో చేసిన వాటికి నంబర్లు ముద్ర కొట్టి ఉంటాయి. మనదాని మీద నంబరు లేదు. అన్నిటికంటే పెద్ద సాక్షి పిడిలోపలి కాడ. ఆ నల్ల తుప్పు మనిషి తెచ్చిపెట్టేది కాదు, కాలం పెట్టేది. దాని రంగు చూసి తెలిసినవాళ్లు వయసు చెప్తారు. ఆ తుప్పే కత్తికి పుట్టినతేదీ సర్టిఫికెట్. దాన్ని తాకొద్దు, తుడవొద్దు, నూనె తప్ప ఏమీ రాయొద్దు అని ప్రతిచోటా పెద్దక్షరాల్లో ఉంది. తోమిన కాడ ఉన్న కత్తిని ఎంత పాతదైనా కొత్తదిగానే లెక్కవేస్తారట.

అది చదవగానే నా జోకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, గ్లాసెడు మంచినీళ్లు రెండు చేతులతో పట్టుకునే మనిషి కత్తేం తోముతుందిలే అనుకున్నాను. ఇప్పటికీ నేను నా గురించి మంచిగా అనుకోబోయినప్పుడల్లా ఈ వాక్యం దగ్గర ఆగుతాను.

కత్తి అసలుదే. నా కళ్లు చూసింది, నెట్లో చదివింది పక్కపక్కన పెడితే అందులో అనుమానం లేదు. అలాంటివి సేకరించే ఒకాయన హైదరాబాదులో ఉన్నారని తెలిసింది. రిటైరైన ఇంజనీరు. నేను చూసినవన్నీ ఉత్తరంలో రాశాను. ఆయన ఫోన్ చేశారు. ఆ కాడ నేను చెప్పినట్టే ఉంటే, ఆపరేషన్‌కి సరిపోయేదానికంటే ఎక్కువే ఇస్తానన్నారు. వచ్చే ఆదివారం వస్తానన్నారు.

మాస్టారింట్లో ఫోన్ లేదు. ఆ ఊళ్లో కిరాణా కొట్టుకి ఫోన్ చేస్తే కబురు అందిస్తారు. గురువారం చేశాను. లైన్లో గరగర. "ఆదివారం కత్తి చూడ్డానికి వస్తున్నారని చెప్పండి," అని అరిచాను. "కత్తి సిద్ధంగా ఉంచమనండి."

"సిద్ధంగానాండీ?"

"అవునండీ, సిద్ధంగా."

అంతే. ఇంకో మాట అనుంటే సరిపోయేది. ముట్టుకోకండి, అని. మన వైపు ఇంటికి ఎవరైనా చూడ్డానికొస్తున్నారంటే సిద్ధం చేయడం అంటే ఏమిటో నాకు తెలియంది కాదు. గడపకి పసుపు రాసే ఇల్లయినా, గుమ్మానికి సిలువ వేలాడే ఇల్లయినా, ముందు తోమేది తోముతారు, కడిగేది కడుగుతారు. మకిలి పట్టిన వస్తువు అతిథి ముందు పెట్టడం ఇంటికి నామర్దా. నేనీ నేల మీదే పుట్టాను. ఫోన్ పెట్టేసి టీ తాగాను.

ఆదివారం ఇంజనీరుగారు ఏలూరు స్టేషన్లో దిగారు. టాక్సీ మాట్లాడుకున్నాం. తక్కువ మాట్లాడే మనిషి. తెల్ల చేతిగుడ్డ, చిన్న భూతద్దం, టార్చి తెచ్చుకున్నారు. దారిలో తెగిన చెరువులు చూసి, "ఏమిటిది?" అన్నారు. "అభివృద్ధండీ," అన్నాను. మళ్లీ అడగలేదు.

మేం వెళ్లేసరికి ఆరాధన ముగించుకుని మాస్టారు గుమ్మంలో నిలబడున్నారు. పిన్నిగారు ఈసారి స్టూలు మీద కాదు, మంచం మీద ఉంది. వెనక మూడు దిళ్లు. మొహం బూడిదరంగు. మమ్మల్ని చూసి లేవబోయింది. వద్దన్నాం. చీర కొంగు కింద చేతులు దాచుకోబోయింది గానీ నేను చూశాను. వేళ్ల చివర్లు నాని ముడతలు పడ్డాయి. గోళ్లలో నలుపు.

నాకు అప్పుడే తెలిసిపోయింది. మాస్టారు కత్తి తెచ్చి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టారు. పిడి ముందే తీసేశారు, చూసేవాళ్లకి శ్రమ లేకుండా.

అది మెరుస్తోంది. కొత్త స్టీలు పళ్లెంలా మెరుస్తోంది. కాడ మీద అక్షరాలు చక్కగా, చీమల బారులా కనిపిస్తున్నాయి. నలుపు లేదు. ఎక్కడా లేదు. కత్తి మీద మచ్చలు కూడా పోయాయి. ఉప్పుకాగితం గీతలు అడ్డంగా, నిలువుగా. కిటికీ వెలుగులో మంచు కోసం వెతికాను. నాకు నేను, పై మెరుపులో, స్పష్టంగా కనిపించాను.

ఇంజనీరుగారు భూతద్దం పెట్టారు. టార్చి వేశారు. కాడని అటూ ఇటూ తిప్పి, ఒక్కసారి నా వైపు చూసి, మళ్లీ దాన్నే చూశారు. ఎంతసేపు చూశారో.

"కనబడుతున్నాయాండీ అక్షరాలు?" అంది పిన్నిగారు మంచం మీదనుంచి.

"బాగా కనబడుతున్నాయమ్మా," అన్నారాయన. మర్యాదస్తుడు. "కాస్త వెలుగులో చూస్తాను," అని కత్తి తీసుకుని బయటికి నడిచారు. మేమిద్దరం వెనక వెళ్లాం.

దొడ్లో ఆయన గొంతు తగ్గించి నాతో చెప్పారు గానీ మాస్టారికి వినపడేలాగే చెప్పారు. "మీ ఉత్తరంలో రాసింది నేను నమ్ముతాను. అది నిజమైన కత్తే అయి ఉంటుంది, మొన్నటిదాకా. ఇప్పుడు నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. ఇలా మెరిసే కాడ ఎక్కడ చూపించినా నిరుడు చేసిందంటారు. నన్ను క్షమించండి."

"మళ్లీ తుప్పు పట్టిస్తేనండీ?" అన్నారు మాస్టారు. ఒక హెడ్మాస్టరు అడగాల్సిన ప్రశ్న కాదది. ఇంజనీరుగారు నేల చూపులు చూశారు.

"చింతపండు, ఇటుకపొడి," అన్నారు మాస్టారు, ఎవరితోనని కాకుండా. "నేను చేస్తానన్నానండీ. నీకు చేతకాదు, అక్షరాల్లో నలుపు ఉండిపోతుంది అంది. ఉప్పుకాగితం నేనే తెచ్చిచ్చాను."

"తప్పు నాది మాస్టారూ," అన్నాను. "ఆ రోజు నేనన్న మాట..."

ఆయన చెయ్యెత్తారు, క్లాసులో అల్లరి ఆపినట్టు. లోపల్నుంచి పిలుపొచ్చింది. "ఏవంటున్నారండీ? లోపలికొచ్చి చెప్పండి, నాకూ వినబడాలిగా!"

మాస్టారు ఆ కత్తిని చూశారు. ఆయన మొహం చూడ్డం నాకు ఇష్టం లేక దొడ్లో ఆరేసిన బట్టలు చూశాను. తర్వాత ఆయన లోపలికి నడిచారు. నేను వెనకే వెళ్లాను. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కాస్త గట్టిగా, కొంచెం నవ్వుతూ అన్నారు:

"దొంగ కత్తటే. మా నాన్న రంగూన్ బజార్లో కొనుక్కొచ్చి మనకి కథ చెప్పాడు."

ఆవిడ ఊపిరి గట్టిగా వినిపించింది.

"మామగారా?" అంది. "మామగారు అబద్ధం చెప్పరండీ."

"చెప్పాడే. ఊళ్లో గొప్పకి చెప్పాడు. మనం నమ్మాం. ఏవండీ మాస్టారూ," నా వైపు తిరిగారు, "తమరు చూసినోరు. చెప్పండి ఆవిడకి."

తండ్రికి మిగిలిన ఏకైక సాక్ష్యాన్ని ఆయన తన చేత్తో తీసేసి, దాన్ని పాతిపెట్టమని నన్నడుగుతున్నారు. ఆవిడ నా వైపు చూస్తోంది. నేను మంచి అబద్ధాలు ఆడగలను. కాలేజీ మేనేజ్‌మెంట్‌తో వారానికొకటి ఆడతాను.

"అవునండీ పిన్నిగారూ. నాకు మొదటిరోజే అనుమానం. ఆ తుప్పు కూడా అసలుది కాదు. ఏదో పూత. అందుకే తోమితే అంత తేలిగ్గా పోయింది."

"తేలిగ్గా ఏం పోలేదండీ," అంది ఆవిడ. "రెండ్రోజులు తోమాను."

తనలో తను నవ్వుకుంది. "దొంగదాన్ని పట్టుకుని రెండ్రోజులు. చెప్పుంటే బిందెలైనా తోముకుందును."

ఇంజనీరుగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. వెళ్లేటప్పుడు ఆవిడకి నమస్కారం పెట్టారు. ఏలూరు స్టేషన్లో, "మీరు ఫోన్లో చెప్పుండాల్సింది," అన్నారు. అవునన్నాను.

వానలు ఆ ఏడు వేళకే వచ్చాయి. ఆపరేషన్ కాలేదు. మాస్టారు అడగని చోటు లేదు. కాలేజీలో నేను వసూలు చేసినది ఆస్పత్రిలో చేర్చడానికి చాలలేదు. మందులకి చాలింది. ఆవిడ శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, మూడు దిళ్లకి ఆనుకుని, మాట మధ్యలో ఆగింది. ఊపిరి కోసం ఆగిందనుకున్నారట మాస్టారు. చాలాసేపు అలానే అనుకున్నారట.

సమాధి కార్యక్రమానికి వెళ్లాను. గుడిసెల దగ్గర, సమాధుల తోట దగ్గర, ప్రతిచోటా జనం. ఆ జనంలోనే మొదటిసారి విన్నాను. చుట్టాలాయన ఒకడు ఇంకొకడితో అంటున్నాడు: "ఆ ముసలాయన యుద్ధానికీ పోలేదు, ఏమీ లేదు. రంగూన్లో రిక్షా లాగి కత్తి కొనుక్కొచ్చాడు. మావోడే ఒప్పుకున్నాడు కదా." ఇంకొకడు, "స్ట్రెచర్లు కాదురా, కాపీ హోటల్లో గ్లాసులు మోశాడు," అన్నాడు. చావింట్లో నవ్వగలిగినంత మేర నవ్వుకున్నారు. మాస్టారికి వినిపించింది. ఆయన దిద్దలేదు.

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. ఆయన ఒక్కరే వసారాలో కూర్చుని ఉన్నారు. గోడ మీద బిందెలు మసకబారాయి. కాసేపు వర్షాల గురించి, ఎప్పుడో చెప్తానన్న నా వ్యాసంలోని రెండు తప్పుల గురించి మాట్లాడుకున్నాం. రెండూ నిజంగా తప్పులే. ధైర్యం చేసి అన్నాను.

"మాస్టారూ, ఇప్పుడు నిజం చెప్పేయొచ్చు కదండీ. మీ నాన్నగారి గురించి ఊరంతా ఏదేదో అంటున్నారు. నేను వచ్చి చెప్తాను. ఆ కత్తి అసలుదేనని రాసిస్తాను."

ఆయన గొడుగు ఊచలు సరిచేస్తున్నారు. తల ఎత్తలేదు.

"అసలుదంటే, మరెందుకు అమ్ముడుపోలేదని అడుగుతారండీ."

"అడిగితే..."

"ఎవరు పాడుచేశారని అడుగుతారు."

ఆ రోజు నా దగ్గర జోకు లేదు.

"మా నాన్నదేముందండీ," అన్నారాయన. "మోసేవాడు. ఇదీ మోస్తాడు."

తిరుగు దారిలో నీళ్లు గట్టు దాకా వచ్చాయి. కొల్లేరు మళ్లీ సరస్సయింది, చూడ్డానికి చాలా బాగుంది. నడక దారి మునిగింది కాబట్టి పడవ ఎక్కాను. పడవాయన నన్ను గుర్తుపట్టాడు.

"తమరు కత్తి మాస్టారాండీ?" అన్నాడు. "ఆ జపాను కత్తి దొంగదని పట్టేసింది తమరేనటగా?"

అటుపక్క కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు మాటలాపి నా వైపు తిరిగారు.

"అవునండీ," అన్నాను. "నేనే."

"అబ్బ, చదువంటే చదువేనండీ," అని అతను గెడ వేశాడు.